యాభై లక్షల మంది యూజర్లకు ఏ డేటాబేస్?

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. గ్రూప్-1, గ్రూప్-2, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాలకు చదివేవాళ్ల కోసం తెలుగులో మాక్ టెస్టుల యాప్ కడుతున్నారు. ఇప్పుడు నలభై వేల మంది వాడుతున్నారు, రెండేళ్లలో యాభై లక్షలకు చేరాలని లక్ష్యం. ఆదివారం లైవ్ టెస్టుకు లక్ష మంది ఒకేసారి కూర్చోవచ్చు. టీమ్‌లో నలుగురు డెవలపర్లున్నారు. పోస్ట్‌గ్రెస్, మై ఎస్‌క్యూఎల్, మోంగోడీబీ, కసాండ్రా, డైనమోడీబీలలో ఏది తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్నారు. రిలేషనల్ డేటాబేస్, అంటే పోస్ట్‌గ్రెస్, మై ఎస్‌క్యూఎల్ లాగా ఒకదానితో ఒకటి ముడిపడ్డ టేబుళ్లలో డేటా దాచేది, అంతమందిని మోయలేదని ఎవరో గట్టిగా చెప్పారు, అది నిజమేనా అని అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. పోస్ట్‌గ్రెస్ తీసుకోండి. కొత్త డేటా రాసే ఒక ప్రైమరీ సర్వర్, చదవడానికి దాని నకళ్లుగా ఒకటో రెండో రెప్లికాలు, వాటి ముందు కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచే ఒక కనెక్షన్ పూలర్, పక్కన డేటాను మెమరీలో ఉంచి చటుక్కున ఇచ్చే ఒక చిన్న రెడిస్. మీరు చెప్పిన పనికి ఇది సరిపోతుంది. మీ నలుగురిలో మై ఎస్‌క్యూఎల్ మీద చేయి తిరిగినవాళ్లుంటే అదే వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఈ రెండింటి మధ్య తేడా కంటే, డేటాను ఏ ఆకారంలో పెడతారన్నదే మీ యాప్‌ను ఎక్కువ నిలబెడుతుంది, లేదా ఎక్కువ ముంచుతుంది. అందుకే ఈ జవాబులో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను.

యాభై లక్షలు అన్న సంఖ్య డేటాబేస్‌కు అసలు కనబడదు. రిజిస్టర్ చేసుకుని ఆర్నెల్లుగా యాప్ తెరవని మనిషి దానికి ఒక రికార్డు మాత్రమే. పేరు, ఫోన్ నంబరు, జిల్లా, పాస్‌వర్డ్ హ్యాష్ అన్నీ కలిపి అర కిలోబైటు అనుకున్నా, యాభై లక్షల మందికి రెండున్నర జీబీ. అది చవక ఫోన్‌లో కూడా పడుతుంది. డేటాబేస్‌కు కనబడేవి వేరే ఉన్నాయి: సెకనుకు ఎన్ని రైట్స్ (డేటా రాసే పనులు) వస్తున్నాయి, డేటాను ఏ ప్రశ్నలతో వెతుకుతున్నారు, ఏ డేటా పోతే తిరిగి రాదు. ఎంపిక చేయాల్సింది వీటిని బట్టి. వీటిని కాగితం మీద లెక్క కట్టకుండా డేటాబేస్ పేర్లు పోల్చుకుంటూ కూర్చుంటే నెలలు గడుస్తాయి గానీ పని జరగదు.

మీ లెక్క నేనే వేస్తాను. ఏపీపీఎస్సీ గ్రూప్-2 ప్రిలిమ్స్ 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. అంటే ఒక్కొక్కరు నిమిషానికి ఒక జవాబు గుర్తిస్తారు. లక్ష మంది ఒకేసారి రాస్తుంటే నిమిషానికి లక్ష జవాబులు, సెకనుకు 1,667. కొందరు జవాబు మార్చుకుంటారు, కొందరు వెనక్కి వెళ్తారు. పెద్ద మనసు చేసుకుని సెకనుకు 2,500 రైట్స్ అనుకుందాం. మామూలు రోజుల సంగతికొస్తే, యాభై లక్షల్లో పదిశాతం, అంటే ఐదు లక్షల మంది రోజూ వచ్చి తలా వంద ప్రశ్నలు చేశారనుకుంటే ఐదు కోట్ల జవాబులు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి సగటున సెకనుకు 580 కూడా దాటవు. సాయంత్రాలు అది మూడు నాలుగింతలు అవుతుంది, అయినా మళ్లీ రెండు వేల చుట్టుపక్కలే.

ఇది పెద్దదా చిన్నదా అని తూచడానికి ఒక కొలత ఇస్తాను. 2025 ఆగస్టులో దేశం మొత్తం మీద యూపీఐ చెల్లింపులు నెలకు రెండు వేల కోట్లు దాటాయి. సెకనుకు సగటు తీస్తే సుమారు 7,500. ఒక్కో చెల్లింపు వెనక రెండు బ్యాంకుల ఖాతాలు, మధ్యలో మరికొన్ని వ్యవస్థలు కదులుతాయి కాబట్టి అసలు పని అంతకు చాలా ఎక్కువే. అయినా కొలత అర్థమైంది కదా. సెకనుకు రెండున్నర వేల చిన్న రైట్స్ అంటే మంచి ఎస్‌ఎస్‌డీ, తగినంత ర్యామ్ ఉన్న ఒకే ఒక్క పోస్ట్‌గ్రెస్ సర్వర్ తట్టుకునే పని.

"అంతమందిని మోయలేదు" అన్న మాటకు జవాబుగా రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడండి. 2026 జనవరిలో ఓపెన్ఏఐ ఇంజనీర్లు చెప్పినదాని ప్రకారం చాట్‌జీపీటీ వెనక ఉన్న పోస్ట్‌గ్రెస్‌కు రైట్స్ తీసుకునే ప్రైమరీ ఒక్కటే. చదవడానికి యాభైకి దగ్గరగా రెప్లికాలున్నాయి. వాళ్ల యూజర్లు 80 కోట్లు. అక్కడ రీడ్స్ (డేటా చదివే పనులు) ఎక్కువ, రైట్స్ తక్కువ కాబట్టి అది నడిచింది. రైట్స్ ఎక్కువగా ఉన్న పనుల్ని, ముక్కలుగా పంచడానికి వీలైనవాటిని, వాళ్లే వేరే వ్యవస్థలకు మళ్లించారు కూడా. రెండోది డిస్కార్డ్ అనే చాట్ యాప్. వాళ్లు 2015లో మోంగోడీబీతో మొదలుపెట్టారు. సందేశాలు పది కోట్లకు చేరేసరికి డేటా, దాన్ని త్వరగా వెతికిపెట్టే ఇండెక్స్ ర్యామ్‌లో పట్టక కసాండ్రాకు మారారు. సందేశాలు లక్షల కోట్లకు పెరిగాక 2022లో 177 కసాండ్రా నోడ్‌ల (సర్వర్ల) నుంచి 72 సిల్లాడీబీ నోడ్‌లకు మారారు. వాళ్లకు అది సరైన దారి, ఎందుకంటే వాళ్ల డేటాను వెతికే పద్ధతి దాదాపు ఒకటే: ఫలానా ఛానెల్‌లో ఫలానా సమయం చుట్టూ ఉన్న సందేశాలు ఇవ్వు. మీ పని ఈ రెండింటిలో మొదటిదానికి దగ్గర. మీ దగ్గర విద్యార్థి, టెస్టు, ప్రశ్న, సబ్జెక్టు, చెల్లింపు, కూపన్, ర్యాంకు అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. రేపు మీ కంటెంట్ టీమ్ వచ్చి "పాలిటీలో వెనకబడి, ఎకానమీలో బాగా చేసిన కర్నూలు జిల్లా విద్యార్థులెందరు" అని అడుగుతుంది. ముందు ఊహించని ప్రశ్నకు ఆ రోజే జవాబు దొరకాలంటే రిలేషనల్ డేటాబేస్‌లను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్ కావాలి.

ఇప్పుడు అసలు విషయం, జవాబుల టేబుల్. అందరూ చేసే డిజైన్ ఒక్కో జవాబుకు ఒక్కో రికార్డు. లక్ష మంది, 150 ప్రశ్నలు అంటే ఒక్క టెస్టుకు కోటిన్నర రికార్డులు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి రికార్డుకూ అసలు డేటా కాకుండా ఇరవై నాలుగు బైట్ల తల, నాలుగు బైట్ల పాయింటర్ ఉంటాయి. గుర్తించిన ఆప్షన్ రెండు బైట్లే అయినా, దానికి తోడు ఐడీలు, సమయం, పైన ఇండెక్స్ కలుపుకుంటే ఒక్క టెస్టుకే ఒక జీబీ దాటుతుంది. పైగా చాలామంది ఐడీని మామూలు ఇంటిజర్‌గా పెడతారు. దాని గరిష్ఠం 214 కోట్ల చిల్లర. టెస్టుకు కోటిన్నర చొప్పున 143 టెస్టులకు అది నిండిపోతుంది, ఆ రోజు కొత్త జవాబు ఒక్కటి కూడా లోపలికి పోదు. ఐడీ ఎక్కడున్నా మొదటి రోజు నుంచే బిగింట్ (పెద్ద ఇంటిజర్) పెట్టండి. ఎనిమిది బైట్లు ఖర్చు, అంతే.

ఇదే పనిని ఇంకోలా చేయొచ్చు. ఒక విద్యార్థి ఒక టెస్టు రాయడాన్ని ఒక రికార్డుగా పెట్టి, 150 జవాబుల్నీ అందులోనే ఒక అర్రేగా, అంటే వరుస జాబితాగా, ఉంచండి. ఒక్కో జవాబుకు రెండు బైట్లు, మొత్తం మూడు వందల బైట్లు. తలతో సహా నాలుగు వందలనుకుంటే లక్ష మందికి 40 ఎంబీ. ఒక జీబీ పైచిలుకు పని 40 ఎంబీలోకి వచ్చింది, డేటాబేస్ మార్చకుండానే.

ఇందులో ఒక చిక్కుంది, అదీ తెలుసుకోండి. పోస్ట్‌గ్రెస్ ఒక రికార్డును మార్చినప్పుడు పాతదాని మీద రాయదు. కొత్త ప్రతి రాసి, పాతదాన్ని చచ్చిన ప్రతిగా వదిలేస్తుంది. వ్యాక్యూమ్ అనే శుభ్రం చేసే పని వచ్చి దాన్ని తర్వాత ఊడుస్తుంది. ఒక్కో జవాబుకూ రికార్డు మొత్తం తిరగరాస్తే ఆ రెండున్నర గంటల్లో టేబుల్ ఉబ్బిపోతుంది. దీనికి మందు మూడు చోట్ల ఉంది. యాప్‌లో జవాబుల్ని ఫోన్‌లోనే దాచుకుని ఐదేసి చొప్పున, లేదా ఐదు నిమిషాలకోసారి పంపండి. దాంతో సెకనుకు 1,667 కాస్తా 333 దగ్గరకు దిగుతుంది. నెట్ పోయినా విద్యార్థి రాస్తూనే ఉంటాడు, అది ఇంకో లాభం. టేబుల్‌కు ఫిల్‌ఫ్యాక్టర్ 70 పెట్టండి, అంటే డిస్క్ మీద డేటా ఉండే ప్రతి పేజీలో ముప్ఫై శాతం ఖాళీ ఉంటుంది. మార్చే కాలమ్ మీద ఇండెక్స్ పెట్టకండి. ఈ రెండూ ఉంటే కొత్త ప్రతి అదే పేజీలో కూర్చుంటుంది, ఇండెక్స్‌ను తాకాల్సిన పని ఉండదు. ఆటోవ్యాక్యూమ్ మామూలుగా టేబుల్‌లో ఇరవై శాతం మారాక గానీ కదలదు. ఈ ఒక్క టేబుల్‌కు దాన్ని రెండు శాతానికి తగ్గించండి. సర్వర్ మొత్తానికి కాకుండా టేబుల్ వారీగా మార్చుకునే వీలుంది.

ఏది పోతే తిరిగి రాదు అన్న ప్రశ్నకు పోస్ట్‌గ్రెస్ ఇచ్చే సౌకర్యం ఒకటి నాకు ఎంతో ఇష్టం. సింక్రొనస్ కమిట్ అనే సెట్టింగ్‌ను ఒక్కో ట్రాన్సాక్షన్‌కు (మొత్తంగా జరిగే, లేదా అసలు జరగని ఒక పనికి) వేరుగా ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు. ఆఫ్ చేస్తే డిస్క్‌కు చేరేదాకా ఆగకుండా "అయిపోయింది" అని చెప్పేస్తుంది. సర్వర్ ఆ క్షణంలో పడిపోతే, మామూలు సెట్టింగ్స్‌తో చివరి 600 మిల్లీసెకన్లలోపు జరిగినవి పోవచ్చు. డేటా మాత్రం చెడదు. మధ్యమధ్యలో సేవ్ అయ్యే జవాబులకు ఆఫ్ చేయండి, ఎలాగూ ఫోన్‌లో ప్రతి ఉంది, మళ్లీ పంపుతుంది. చివరి సబ్మిట్‌కు ఆన్. డబ్బు సంగతికి ఎప్పుడూ ఆన్. ఒకే డేటాబేస్‌లో వేగం కావాల్సిన చోట వేగం, భద్రత కావాల్సిన చోట భద్రత. దీనికోసం రెండో డేటాబేస్ తెచ్చుకునేవాళ్లను చాలామందిని చూశాను.

డైనమోడీబీ, కసాండ్రాల్లో సర్వర్లు ఎన్నయినా కలుపుకోవచ్చు కాబట్టి భయం లేదని మీరు రాశారు. కలుపుకోవచ్చు, నిజమే. కానీ ఏ కీ ఆధారంగా డేటాను పంచుతారో దాన్ని బట్టే లాభం. లైవ్ టెస్టు కదా అని టెస్టు ఐడీని పార్టిషన్ కీగా, అంటే డేటా ఏ భాగంలోకి వెళ్లాలో తేల్చేదిగా, పెట్టారనుకోండి. లక్ష మంది రాసే జవాబులన్నీ ఒకే పార్టిషన్ మీద పడతాయి. పది కౌంటర్లు తెరిచి ఉన్నా అందరూ ఒకటో కౌంటర్ దగ్గరే క్యూ కట్టినట్టు. డైనమోడీబీలో ఒక పార్టిషన్‌కు సెకనుకు 1,000 రైట్ యూనిట్లు హద్దు, ఒక యూనిట్ అంటే ఒక కేబీ లోపు ఒక రైట్. మీ లెక్క 1,667. ఎంత డబ్బు పెట్టినా ఆ ఒక్క కీ దగ్గర ఇరుక్కునే ప్రమాదం ఉంది. డిస్కార్డ్ వాళ్లకు కసాండ్రాలో తగిలిన పెద్ద దెబ్బల్లో ఇదొకటి, లక్షలమంది ఉన్న ఛానెళ్ల పార్టిషన్లు వేడెక్కిపోవడం. విద్యార్థి ఐడీతో పంచితే ఈ బాధ ఉండదు. అలా పంచే తెలివి మీకుంటే అదే తెలివి పోస్ట్‌గ్రెస్‌లోనూ పనికొస్తుంది.

లక్ష మంది యూజర్లంటే లక్ష కనెక్షన్లని కంగారు పడకండి. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్‌కు ఒక ప్రాసెస్ పుడుతుంది, అందుకే దాని మామూలు హద్దు 100. ఆ హద్దును ఐదు వేలకు పెంచితే సర్వర్ పని మానేసి ప్రాసెస్‌లను మార్చుకోవడంలోనే మునిగిపోతుంది. ముందు పీజీబౌన్సర్ అనే పూలర్ పెట్టి, ట్రాన్సాక్షన్ అవగానే కనెక్షన్‌ను వేరొకరికి ఇచ్చే ట్రాన్సాక్షన్ మోడ్‌లో నడపండి. ఒక్కో రైట్ రెండు మిల్లీసెకన్లలో అయిపోతుంటే ఒక కనెక్షన్ సెకనుకు ఐదు వందలు చేస్తుంది. సెకనుకు రెండున్నర వేలంటే ఆ లెక్కన ఐదు కనెక్షన్లు. ఒడిదొడుకులకు కలుపుకున్నా నలభై అసలు కనెక్షన్లు చాలు.

రీడ్స్ విషయంలో మీకు గండం పరీక్ష సమయంలో రాదు, ఫలితాలు విడుదలైన నిమిషంలో వస్తుంది. లక్ష మంది ఒకేసారి రిఫ్రెష్ నొక్కుతారు. విడుదలయ్యాక ఫలితం మారదు కదా, మరి ప్రతిసారీ డేటాబేస్‌ను అడగడం దేనికి? టెస్టు ముగిశాక ర్యాంకులన్నీ ఒకే క్వెరీతో లెక్కగట్టండి. ఎస్‌క్యూఎల్‌లోని విండో ఫంక్షన్‌తో లక్ష రికార్డులకు ర్యాంకు ఇవ్వడం పెద్ద పని కాదు. ఒక్కొక్కరి ఫలితాన్ని ముందే తయారుచేసి రెడిస్‌లో పెట్టి, ఆ తర్వాతే "ఫలితాలు వచ్చాయి" అన్న నోటిఫికేషన్ పంపండి. ఆ నోటిఫికేషన్ కూడా అందరికీ ఒకే క్షణంలో పంపకండి, ఐదు నిమిషాల్లో పంచి పంపండి. పరీక్ష నడుస్తుండగానే ర్యాంకు చూపించాలని ఉబలాటం ఉంటే రెడిస్‌లో మార్కుల వరుసలో ఉండే సార్టెడ్ సెట్ ఆ పని చక్కగా చేస్తుంది. అది అవసరమా అని మాత్రం ఆలోచించుకోండి. పరీక్ష మధ్యలో ర్యాంకు చూసి కుర్రాడు బెదిరిపోతాడు తప్ప లాభపడడు.

రెప్లికాలతో ఒక జాగ్రత్త. అవి ప్రైమరీ కంటే కాస్త వెనక ఉంటాయి. విద్యార్థి సబ్మిట్ నొక్కి, వెంటనే తన పేజీ తెరిస్తే రెప్లికాలో ఇంకా ఏమీ లేకపోవచ్చు. "నా టెస్టు పోయింది" అని ఫోన్ చేస్తాడు. ఎవరు ఇప్పుడే రాశారో వాళ్ల రీడ్స్‌ను కొన్ని సెకన్లపాటు ప్రైమరీకే పంపండి.

తెలుగు యాప్ కాబట్టి ఈ మాట తప్పక చెప్పాలి. దీన్ని ఎవరూ ముందు పట్టించుకోరు, తర్వాత నెలల తరబడి శుభ్రం చేస్తారు. లక్ష్మి అన్న పేరు మనకు రెండక్షరాలు. డేటాబేస్‌కు అది 7 క్యారెక్టర్లు, అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 21 బైట్లు. ఇంగ్లీషు పేర్లు చూసి కాలమ్‌కు ఇరవై క్యారెక్టర్ల హద్దు పెడితే తెలుగు పేర్లు, ఇంటిపేర్లు పట్టవు. పోస్ట్‌గ్రెస్‌లో టెక్స్ట్ టైప్ వాడి, హద్దు కావాలంటే చెక్ పెట్టుకోండి. ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింద పొడవు గుర్తు అని రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, డేటాబేస్‌కు వేరు. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని నాన్ జాయినర్ ఒకటి ఉంటుంది. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకోటి పెట్టదు. ఒకే ప్రశ్న మీ బ్యాంకులో రెండుసార్లు చేరడానికి, వెతికితే దొరకకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. లోపలికి వచ్చే ప్రతి తెలుగు వాక్యాన్నీ ఎన్ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చి దాచండి. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి దీనికి నార్మలైజ్ ఫంక్షన్ ఉంది. వెతకడానికి మాత్రం నాన్ జాయినర్ తీసేసిన ఇంకో కాలమ్ పెట్టుకోండి. చూపించే కాలమ్‌లోంచి తీసేయకండి, అక్షరాల రూపు చెడిపోతుంది. మై ఎస్‌క్యూఎల్‌కు వెళ్తే పాత యూటీఎఫ్-8 పేరుతో ఉన్నది మూడు బైట్ల వరకే పడుతుంది. తెలుగు పడుతుంది, ఎమోజీ పడదు. నాలుగు బైట్ల రకం, యూటీఎఫ్8ఎంబీ4, ఎంచుకోండి. 2018లో వచ్చిన 8.0 నుంచి అదే మామూలు.

చెల్లింపుల గురించి ఒక్క మాట. పేమెంట్ గేట్‌వే ఒకే కబురును రెండుసార్లు, మూడుసార్లు పంపుతుంది. అది తప్పు కాదు, వాళ్ల పద్ధతే అంత. చెల్లింపు ఐడీ మీద, అదే ఐడీని రెండోసారి చేరనివ్వని యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టండి. ఆ రికార్డు చేరడం, కోర్సు తెరుచుకోవడం రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. కోడ్‌లో "ముందే ఉందా" అని చూసి రాయడాన్ని నమ్ముకోవద్దు. రెండు కబుర్లు ఒకే క్షణంలో వస్తే రెండింటికీ "లేదు" అన్న జవాబే వస్తుంది.

బ్యాకప్ దగ్గర నేను రాజీ పడను. 2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సైటు గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున ప్రైమరీ డేటా డైరెక్టరీని తుడిచేశాడు. అప్పుడు చూస్తే రోజువారీ బ్యాకప్‌లు అసలు తయారే కావడం లేదు. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ ఒకటి, బ్యాకప్ తీసే టూల్ వెర్షన్ మరొకటి. ఆరు గంటల కిందటి స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి బతికారు. ఆ ఆరు గంటల డేటా పోయింది. ఆ కథను వాళ్లు దాచకుండా లోకానికి చెప్పారు, అందుకు వాళ్లంటే నాకు గౌరవం. మీరు చేయాల్సింది ఇది. వాల్ ఫైళ్లను (ప్రతి మార్పూ నమోదయ్యే చిట్టాను) ఎప్పటికప్పుడు వేరే చోటికి పంపండి, అప్పుడు ఏ నిమిషానికైనా వెనక్కి వెళ్లొచ్చు. అమెజాన్ క్లౌడ్‌లో ఉంటే ముంబై రీజియన్ 2016 నుంచీ ఉంది, హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో వచ్చింది. ఒకచోట ప్రైమరీ నడిపితే రెండోచోట బ్యాకప్‌లు ఉంచండి. నెలకోసారి ఆ బ్యాకప్ నుంచి కొత్త సర్వర్ లేపి, నిన్నటి టెస్టు రికార్డులు సరిగా ఉన్నాయో లేదో చూడండి. ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోండి. తిరిగి లేపి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్ కింద లెక్కపెట్టను. రెప్లికా కూడా బ్యాకప్ కాదు, ప్రైమరీలో పొరపాటున తుడిచేసింది సెకనులో అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది.

ఒక్క సర్వర్ సరిపోని రోజు వస్తే ఏం చేయాలన్నది మీ మిగిలిన భయం. దానికి ఇప్పుడే షార్డింగ్, అంటే డేటాను చాలా సర్వర్లకు పంచడం, చేయాల్సిన పనిలేదు. ఇప్పుడు చేయాల్సింది రేపటికి దారి మూయకుండా ఉండడం. విద్యార్థికి చెందిన ప్రతి టేబుల్‌లోనూ విద్యార్థి ఐడీ కాలమ్ ఉండనివ్వండి. టెస్టు రికార్డు ద్వారా తెలుసుకోవచ్చు కదా అని మానేయకండి. రేపు పంచాల్సి వస్తే ఆ కాలమ్ ఆధారంగానే పంచుతారు. జవాబుల టేబుల్‌ను నెలవారీ పార్టిషన్లుగా విడగొట్టండి. రెండేళ్ల కిందటివి అక్కర్లేనప్పుడు ఒక పార్టిషన్‌ను విడదీయడం క్షణంలో అయిపోతుంది. కోట్ల రికార్డుల్ని డిలీట్ చేయబోతే గంటలు పడుతుంది, ఆ చెత్త ఊడవడానికి వ్యాక్యూమ్‌కు ఇంకొన్ని గంటలు.

నోట్స్ రాసుకునే యాప్ నోషన్ ఈ దారిలో నడిచిన తీరు చదవదగ్గది. ఏళ్ల తరబడి ఒకే పోస్ట్‌గ్రెస్ మీద నడిచి, 2021లో 480 లాజికల్ షార్డ్‌లుగా విడగొట్టి 32 సర్వర్ల మీద పెట్టారు, సర్వర్‌కు పదిహేను చొప్పున. 480 ఎందుకంటే అది చాలా సంఖ్యలతో నిశ్శేషంగా భాగించబడుతుంది. తర్వాత 96 సర్వర్లకు పెంచినప్పుడు సర్వర్‌కు ఐదు చొప్పున సర్దుకున్నాయి. వాళ్లు పంచిన కీ వర్క్‌స్పేస్ ఐడీ, ఎందుకంటే ఒక మనిషి చేసే పని దాదాపు ఒకే వర్క్‌స్పేస్‌లో జరుగుతుంది. మీకు విద్యార్థి ఐడీ అలాంటిది. ర్యాంకు లెక్కకు మాత్రం అన్ని షార్డ్‌ల నుంచీ మార్కులు ఒకచోటికి రావాలి. విద్యార్థికి ఒక ఐడీ, ఒక మార్కు చొప్పున లక్ష చిన్న రికార్డులే కాబట్టి అది ఇబ్బంది కాదు. ఇన్‌స్టాగ్రామ్ తొలిరోజుల్లో పోస్ట్‌గ్రెస్‌నే షార్డ్ చేసి, 64 బిట్ల ఐడీలో 41 బిట్లు సమయానికి, 13 షార్డ్ నంబరుకు, 10 వరుస సంఖ్యకు కేటాయించింది. ఐడీ చూస్తే చాలు, డేటా ఎక్కడుందో తెలిసిపోతుంది. మీరు అంతదూరం వెళ్లాల్సి వస్తే సైటస్, యుగబైట్, మై ఎస్‌క్యూఎల్‌కైతే యూట్యూబ్‌లో పుట్టిన విటెస్ లాంటివి సిద్ధంగా ఉన్నాయి. మీ డిజైన్‌లో పంచుకునే కీ ఉంటేనే అవి ఆదుకుంటాయి.

మోంగోడీబీ చెడ్డదని నేననను. 2018లో వచ్చిన 4.0 నుంచి బహుళ డాక్యుమెంట్ల ట్రాన్సాక్షన్లు కూడా ఉన్నాయి. ప్రశ్నల ఆకారం రకరకాలుగా ఉంటుందని దాన్ని అనుకున్నారు కదా, జత పరచడం, పాసేజీ, బొమ్మ అని. ఆ ఒక్క కాలమ్‌కు పోస్ట్‌గ్రెస్‌లో ఏ ఆకారం డేటానైనా పట్టే జేసన్‌బీ వాడితే సరిపోతుంది. మీకున్నది నలుగురు. ప్రతి కొత్త డేటాబేస్‌కూ బ్యాకప్ వేరు, అప్‌గ్రేడ్ వేరు, రాత్రి రెండింటికి లేచి చూసే అలారం వేరు. దీనికితోడు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఒక విద్యార్థికి తన వివరాలు తీసేయమని అడిగే హక్కు ఇచ్చింది. డేటా ఒకచోట ఉంటే అది ఒక పని. నాలుగు చోట్ల ఉంటే ఏ మూల ఏం మిగిలిందో ఎవరూ హామీ ఇవ్వలేరు. లోతైన విశ్లేషణలు పెరిగాక క్లిక్‌హౌస్ లాంటిది పక్కన పెట్టుకోవచ్చు, ఇప్పుడు తొందర లేదు.

కట్టిన తర్వాత, యూజర్లు రాకముందే లోడ్ టెస్ట్ చేయండి. ఖాళీ టేబుల్ మీద ఏ డేటాబేసైనా వేగంగానే పరిగెడుతుంది. యాభై లక్షల ఉత్తుత్తి విద్యార్థుల్ని, రెండేళ్ల టెస్టుల్ని నింపి అప్పుడు లక్ష మంది రాస్తున్నట్టు నడపండి. పూర్తి రెండున్నర గంటలు నడపండి, పది నిమిషాలు చాలదు. డిస్క్‌ల సంగతి మొదటి అరగంటలో బయటపడదు. అమెజాన్ జీపీ3 డిస్క్ మామూలుగా 3,000 ఐఓపీఎస్ (సెకనుకు డిస్క్ చేసే రాత, చదువు పనులు) ఇస్తుంది, అంతకు మించి కావాలంటే విడిగా కొనుక్కోవాలి. చిన్న సర్వర్లలో కొన్ని కాసేపు హద్దు దాటనిచ్చి ఆ తర్వాత గొంతు నొక్కుతాయి. సగటు సమయం చూసి సంతోషపడకండి. వంద రైట్స్‌లో అన్నిటికంటే ఆలస్యమైన ఒకటి ఎంతసేపు తీసుకుందో చూడండి. లక్ష మందిలో ఒక శాతమంటే వెయ్యి మంది విద్యార్థులు.

సర్వర్ సైజు కూడా లెక్క వేసి చెప్పమంటే నాకు కొన్ని వివరాలు కావాలి. పోయిన నెల మీ పెద్ద టెస్టులో ఒకేసారి ఎంతమంది ఉన్నారు, ఇప్పుడున్న జవాబుల టేబుల్ ఇండెక్స్‌లతో కలిపి ఎన్ని జీబీ, బొమ్మలున్న ప్రశ్నలు ఎన్ని, ఆ బొమ్మలు డేటాబేస్‌లోనే ఉన్నాయా, బయట స్టోరేజీలో ఉన్నాయా. డేటాబేస్‌లో ఉంటే మాత్రం మిగతా పనులన్నిటికంటే ముందు వాటిని బయటికి తీసేయండి.